పైకప్పు మీద దేవుళ్ల పెళ్లి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పెళ్లికి వెళ్తే మనం ముందుగా ఏం చూస్తాం? పెళ్లికూతురి చీర చూస్తాం, నగలు చూస్తాం, వంటలు ఎలా కుదిరాయో చూస్తాం. అత్తగారి మొహం ఎలా ఉందో కూడా ఓ కంట కనిపెడతాం. తలెత్తి పైకప్పు వైపు మాత్రం ఎవరమూ చూడం. షామియానాలో చూడటానికి ఏముంటుంది గనక! కానీ అయిదు వందల ఏళ్ల కిందట, ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు ఊళ్లలో, పైకప్పుల మీదే దేవుళ్ల పెళ్లిళ్లు చేయించారు. ఒకటి ఇటలీ దేశంలో, రోము నగరంలో, 1517–18లో. రెండోది మన లేపాక్షిలో, 1530ల్లో. మధ్యన ఇరవై ఏళ్ల తేడా, అంతే. అక్కడ మన్మథుడి వంటి దేవుడి పెళ్లి, ఇక్కడ పార్వతమ్మ పెళ్లి. ఆ రెండు పెళ్లిళ్లనీ పక్కపక్కన పెట్టి కాసేపు చూద్దాం.

"దేవుళ్ల ప్రేమ బొమ్మలా? పిల్లలు వింటూంటారే!" అని మీలో కొందరికి సంకోచం కలగవచ్చు. అందుకే ముందుగా ఒక మాట చెబుతాను. ఇలాంటి బొమ్మ ఏది కనబడినా, బట్టలు ఎంత ఉన్నాయి అని కాక, "ఇందులో ఆ అమ్మాయి ఇష్టం ఎక్కడుంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే ఏ బొమ్మ మెచ్చుకోవాలో, ఏ బొమ్మ దగ్గర ఆగి ఆలోచించాలో మనకే తెలుస్తుంది. పిల్లలకి కూడా ధైర్యంగా చూపించవచ్చు.

అసలు గోడల మీద, కప్పుల మీద వేసిన బొమ్మ అయిదు వందల ఏళ్లు ఎలా నిలిచిందో మొదట చెప్పుకుందాం. ఇటలీ వాళ్ల పద్ధతిని ఫ్రెస్కో అంటారు. ఆ మాటకి వాళ్ల భాషలో తాజా, పచ్చి అని అర్థం. అంటే పచ్చి గచ్చు మీద వేసే బొమ్మ అన్నమాట. మనకి ఇది అర్థం కావడం చాలా తేలిక. పొద్దున్నే కళ్లాపి చల్లి, నేల తడిగా ఉండగానే ముగ్గు వేస్తాం. తడి మీద వేసిన ముగ్గు పట్టుకుని కూర్చుంటుంది. ఎండిన నేల మీద వేస్తే గాలికి లేచిపోతుంది. ఫ్రెస్కోలో కిటుకు కూడా అదే. సున్నం, ఇసుక కలిపిన గచ్చు గోడకి మెత్తి, అది ఆరకముందే, నీళ్లలో కలిపిన రంగులు వేస్తారు. జిగురు అక్కర్లేదు. తడి సున్నం గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. మారుతూ మారుతూ రంగుని తనలో బిగించేసుకుంటుంది. అప్పుడు బొమ్మ గోడ మీద ఉన్నట్టు కాదు, గోడలో ఉన్నట్టు.

దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. ఆరేలోగా పని ముగించాలి. అందుకని ఏ రోజు ఎంత వేయగలరో అంత మేరకే గచ్చు మెత్తుకునేవారు. ఆ రోజువారీ అతుకుల్ని ఇప్పటికీ నిపుణులు గుర్తుపట్టి, ఫలానా బొమ్మకి ఇన్ని రోజులు పట్టిందని లెక్కగడతారు. తప్పు పోతే చెరిపి దిద్దడం కుదరదు. గచ్చు చెక్కి పారేసి మళ్లీ మెత్తవలసిందే. మా బాలానగర్‌లో లేతు షెడ్లలో పనిచేసేవాళ్లని అడగండి, ఒకసారి ఎక్కువ కోత పడిన ఇనుము మళ్లీ అతుక్కోదని చెబుతారు. ఇదీ అంతే. చేయి తిరిగినవాడే చేయవలసిన పని.

మన దక్షిణాదిలోనూ సున్నపు గచ్చు మీదే బొమ్మలు వేశారు. అయితే చాలాచోట్ల గచ్చు ఆరిన తర్వాత, రంగులో జిగురు కలిపి వేసేవారు. లేపాక్షి బొమ్మల్ని కూడా ఎక్కువమంది ఈ కోవలోనే చేరుస్తారు. దీనిలో తాపీగా పని చేసుకోవచ్చు, సన్నని గీతలు తీర్చుకోవచ్చు. కాని రంగు పైపైన ఉంటుంది గనక తేమకీ, రాపిడికీ తొందరగా రాలుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

ఇక రోము పెళ్లికి వెళ్దాం. అక్కడ అగొస్తీనో చిగీ అని గొప్ప బ్యాంకరు ఉండేవాడు. పోపుగారికే అప్పులిచ్చినవాడు. టైబరు నది ఒడ్డున తోటలో ఇల్లు కట్టించుకున్నాడు. తర్వాతి కాలంలో ఆ ఇంటికి విల్లా ఫర్నెసీనా అని పేరొచ్చింది, ఇప్పటికీ వెళ్లి చూడవచ్చు. ఆ ఇంటి వసారా కప్పు మీద రాఫేల్ అనే మహా చిత్రకారుడు బొమ్మలు సంకల్పించాడు. చాలా భాగం శిష్యుల చేత వేయించాడు. కథ క్యూపిడ్, సైకీల ప్రేమకథ. రెండో శతాబ్దంలో అపూలియస్ అనే రచయిత లాటిన్‌లో రాసిన కథ.

కథ వింటే మీకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. సైకీ మానవకన్య, మహా అందగత్తె. జనం ఆ పిల్లనే దేవతలా కొలవడం మొదలుపెట్టేసరికి ప్రేమదేవత వీనస్‌కి కోపం వచ్చింది. ఆ పిల్లని ఎవడో నీచుడితో ప్రేమలో పడేయమని కొడుకు క్యూపిడ్‌ని పంపింది. క్యూపిడ్ అంటే మన మన్మథుడి వంటివాడు, విల్లూ బాణాలూ అతనికీ ఉన్నాయి. బాణం వేయడానికి వచ్చినవాడు తానే ప్రేమలో పడ్డాడు. రాత్రివేళ చీకట్లో మాత్రమే వచ్చేవాడు. తన మొహం చూడకూడదని షరతు పెట్టాడు. అక్కలు ఎక్కించి చెప్పగా సైకీ ఒక రాత్రి దీపం పట్టి చూసింది. వేడి నూనె చుక్క అతని భుజం మీద పడింది. అతను వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి అత్తాకోడళ్ల కథ! భర్తని వెతుక్కుంటూ వచ్చిన కోడలికి అత్తగారు పనులు చెప్పింది. మొదటి పని ఏమిటనుకున్నారు? గోధుమలు, బార్లీ, చిరుధాన్యం, గసగసాలు, శనగలు, మసూరు పప్పు, చిక్కుడు గింజలు అన్నీ కలిపి కుప్పపోసి, పొద్దుగూకేలోగా వేటికవి ఏరమంది. చీమలు జాలిపడి ఏరిపెట్టాయి. తర్వాత బంగారు ఉన్ని తెమ్మంది, ఎవరూ చేరలేని ఏటి నీళ్లు తెమ్మంది, చివరికి యమలోకం వంటి పాతాళానికి వెళ్లి పెట్టెలో అందం పట్టుకురమ్మంది. పెట్టె మూత తీసి సైకీ మూర్ఛపోతే క్యూపిడే వచ్చి లేపాడు. ఆఖరికి దేవతల రాజు సభ చేసి, మనిషిని దేవుడికిచ్చి చేయడమేమిటని అలిగిన అత్తగారు ఇక మాట్లాడటానికి లేకుండా, సైకీకి అమృతం ఇప్పించి సరిజోడు చేశాడు. పెళ్లి విందులో అత్తగారే నాట్యం చేసిందని కథ.

రాఫేల్ బృందం ఆ కప్పు నడుమ దేవసభని, పెళ్లి విందుని రెండు పెద్ద బొమ్మలుగా వేసింది. వాటిని ఎలా వేశారో చూడండి. పైన రెండు పెద్ద బొమ్మల గుడ్డలు పందిరికి కట్టినట్టు, అంచులు కనబడేలా వేశారు. అంటే చిత్రించిన పందిరిలో చిత్రించిన పెళ్లి! చుట్టూ ఆకులతో, పళ్లతో, కూరగాయలతో తోరణాలు. వాటిని వేసినవాడు జొవాన్నీ ద ఊదినే అనే చిత్రకారుడు. ఆ తోరణాల్లో మొక్కజొన్న కంకులు ఉన్నాయి, అమెరికా గుమ్మడిజాతి కాయలు ఉన్నాయి. కొలంబస్ 1492లో అటు వెళ్లి వచ్చి అప్పటికి పాతికేళ్లే. యూరపులో ఆ పంటల బొమ్మలు మొదట కనిపించే చోట్లలో ఇదొకటి. మన ఇళ్లలో కాల్చుకు తినే మొక్కజొన్న పొత్తు అప్పటికి వాళ్లకి అంత కొత్త వింత అన్నమాట.

ఆ ఇంటాయన సంగతి కూడా చెప్పాలి. ఫ్రాంచెస్కా అనే వెనీసు అమ్మాయితో చిగీ చాలాకాలంగా కాపురం చేస్తున్నాడు, పిల్లలు కూడా కలిగారు. ఆమె తన అంతస్తుకి తగిన ఇంటి పిల్ల కాదు. కప్పు మీద బొమ్మలు పూర్తయిన మరుసటి ఏడే, 1519లో, సాక్షాత్తు పదో లియో పోపుగారి సమక్షంలో ఆమెని పెళ్లి చేసుకున్నాడు. కింద జరిగిన పెళ్లికీ, పైన జరిగిన పెళ్లికీ పోలిక లేదంటారా? రెండూ అంతస్తులు సరిపడని పెళ్లిళ్లే. ఆ సంతోషం ఏడాదైనా నిలవలేదు పాపం. 1520 ఏప్రిల్‌లో రాఫేల్ పోయాడు, కొద్ది రోజుల్లోనే చిగీ పోయాడు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. ఇటలీ వాళ్లు క్రైస్తవులు కదా, ఈ వీనస్సులూ క్యూపిడ్లూ ఎక్కడి నుంచి వచ్చారని. ఆ దేవుళ్లకి గుడులు మూతపడి అప్పటికే వెయ్యేళ్లు దాటింది. పాత గ్రీకు, లాటిన్ పుస్తకాలు మళ్లీ చదవడం మొదలుపెట్టిన కాలం అది. పూజ పోయింది, కథ మిగిలింది. అందుకే చర్చిలో ఏసుక్రీస్తు కథలు వేయించుకుని, ఇళ్లలోనూ భవనాల్లోనూ ఈ దేవుళ్ల ప్రేమకథలు వేయించుకునేవారు. పూజించని దేవుడితో చనువెక్కువ. బట్టలు లేకుండా వేసినా అడిగేవారు లేరు.

ఆ చనువులోనే చిక్కు కూడా ఉంది. అదే ఇంట్లో పక్క గదిలో గలతేయా అనే సముద్రకన్య బొమ్మ ఉంది, అది కూడా రాఫేల్ వేసిందే. దాని పక్క గోడ మీద ఆమెని కోరుకునే ఒంటికన్ను రాక్షసుణ్ణి సెబాస్తియానో అనే ఆయన వేశాడు. ఆమెకి అతను అక్కర్లేదు, తన దారిన తాను అలల మీద సాగిపోతోంది. చూసేవాళ్లకి హాయిగానే ఉంటుంది. కాని ఆ కాలంలో చాలా మంది ధనవంతులు ముచ్చటపడి వేయించుకున్న కథలు వేరే ఉన్నాయి. దేవతల రాజు ఎద్దు రూపంలో వచ్చి యూరోపా అనే రాకుమారిని వీపు మీద ఎక్కించుకుపోయిన కథ, ఇంకా అలాంటివి. వాటికి పుస్తకాల్లో 'దేవతల ప్రేమలు' అని పేరు. మన భాషలో దానిని ఎత్తుకుపోవడం అంటాం. మన ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. రంగులు ఎంత బాగున్నా, ఆ పిల్ల మొహం ఎటు తిరిగి ఉందో చూడండి. ఒడ్డు వైపు చూసి ఏడుస్తుంటే అది ప్రేమ బొమ్మ ఎలా అవుతుంది?

అన్నీ అలాంటివేనని కాదు సుమండీ. అదే రోములో 1597లో అన్నీబాలే కరాచ్చీ అనే చిత్రకారుడు ఫర్నేసే భవనంలో దేవతల ప్రేమకథలే కప్పు నిండా మొదలుపెట్టాడు. వేయించినవాడు మతాచార్యుడైన ఒక కార్డినలు! దాని నడిమి బొమ్మ అరియాడ్నే ఊరేగింపు. ప్రేమించి వెంట వచ్చిన పిల్లని ఒకడు దీవిలో వదిలేసి పోతే, మరో దేవుడు వచ్చి ఆమెని పెళ్లాడి, గౌరవంగా రథాల మీద ఊరేగించిన కథ అది. దగా పడ్డ ఆడపిల్లకి మళ్లీ బతుకు ఉందని చెప్పే బొమ్మ పైకప్పు నడుమ ఉండటం నాకు నచ్చింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కాచిగూడ నుంచి బెంగుళూరు వైపు వెళ్లే రైలెక్కి హిందూపురంలో దిగితే, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే లేపాక్షి. ఇదివరకు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఉమ్మడి రాష్ట్రంలో చేతివృత్తుల ఎంపోరియానికి ఈ ఊరి పేరే పెట్టుకున్నాం, కాని ఊరు చూసినవాళ్లు మనలో ఎంతమంది? కూర్మశైలమనే చిన్న గుట్ట మీద వీరభద్రస్వామి గుడి. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మండపాల రాతి కప్పులకి గచ్చు పూసి, దూలానికీ దూలానికీ మధ్య పొడుగాటి పట్టీలుగా బొమ్మలు వేయించారు. ఎర్రమట్టి, పసుపుమట్టి, నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు ముఖ్యం. మొహాలు పక్కకి తిరిగి ఉంటాయి. నడుములు సన్నం, కళ్లు పెద్దవి, వెనక పెద్ద పెద్ద కొప్పులు. మగవాళ్లలో కొందరికి పొడుగాటి కుళ్లాయిలు.

ఆ పట్టీల్లో పార్వతిని పెళ్లికూతుర్ని చేస్తున్న బొమ్మ ఉంది. చెలికత్తెలు చుట్టూ చేరి అలంకరిస్తున్నారు. శివపార్వతుల కల్యాణం ఉంది. ఇద్దరూ కూర్చుని పాచికలాడుతున్న బొమ్మ ఉంది. చూశారా, మొదట అలంకారం, తర్వాత పెళ్లి, ఆ తర్వాత సంసారంలో సరదా. ప్రేమని ఇంతకంటే ఇంటి మనుషులకి తెలిసేలా ఎవరు వేయగలరు? పాచికల దగ్గర భార్య భర్తకి ఎదురుగా కూర్చుంటుంది, పాదాల దగ్గర కాదు. ఆటలో గెలుపోటములు ఇద్దరికీ ఉంటాయి.

ఈ పెళ్లి వెనక కథ మీకు తెలిసిందే. శ్రీనాథుడి హరవిలాసంలో గౌరీకల్యాణం ఉంది, లేపాక్షి కప్పు మీదే కనబడే కిరాతార్జునీయం కూడా అందులో ఉంది. శివుడి తపస్సు చెడగొట్టి పార్వతి మీద మనసు కలిగించమని దేవతలు మన్మథుణ్ణి పంపారు. మన్మథుడు శివుడి మీద బాణం ఎక్కుపెట్టిన బొమ్మని హంపీ విరూపాక్షాలయం మండపం కప్పు మీద చూడవచ్చు. ఫలితం ఏమైంది? మన్మథుడు భస్మమైపోయాడు. రోములో బాణం వేయవచ్చినవాడు పెళ్లికొడుకయ్యాడు, ఇక్కడ బూడిదయ్యాడు. అందంతో, బాణంతో కాని పని పార్వతి తన తపస్సుతో సాధించుకుంది. శివుడు మారువేషంలో వచ్చి, శివుడిలో ఏముందని నిందిస్తే ఎదురు సమాధానం చెప్పింది గాని మనసు మార్చుకోలేదు. ఈ కథలో వరుణ్ణి కోరుకున్నది వధువు. ఆవిడ ఇష్టం మీదే కథంతా నడిచింది. ఆ పైన శివుడు సప్తర్షుల్ని పంపి తండ్రిని పద్ధతిగా అడిగించాడు.

అదే కప్పు మీద ద్రౌపది స్వయంవరం కూడా ఉంది. పేరు స్వయంవరమే, కాని మత్స్యయంత్రం కొట్టినవాడికి పిల్లనిస్తామని పందెం పెట్టింది తండ్రి. ఈ రెండు బొమ్మలూ చూసి మన ప్రశ్న వేసుకోండి. ఇటలీ వాళ్ల బొమ్మల్నే కాదు, మనవాటినీ అడగాలి కదా!

మరి మనవాళ్లు దేవుడి ప్రేమని ఇంట్లో కాక గుళ్లో ఎందుకు వేశారు? ఇక్కడ కథతో పాటు పూజ కూడా నిలిచి ఉంది గనక. మనకి దేవుడి కల్యాణం ఏటేటా జరిగే వేడుక. తలంబ్రాలు తెచ్చుకుంటాం, అక్షింతలు వేసుకుంటాం. అందుకే లేపాక్షిలో పార్వతి నిండుగా చీర కట్టి, ఊరందరి ఎదుట పెళ్లి చేసుకుంటుంది. రాజూ చూశాడు, గుడి ఊడ్చే ఆమే చూసింది. చిగీ ఇంటి పందిరి కింద కూర్చునే భాగ్యం మాత్రం అతను పిలిచినవాళ్లకే దక్కింది.

ఆ చీరల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. గళ్లు, చారలు, పూలు, రకరకాల అంచులు. ఒకరి చీర ఇంకొకరిలా ఉండదు. అప్పటి నేతచీరలు ఇన్నాళ్లు నిలవవు, చీకిపోతాయి. అప్పటి ఆడవాళ్లు ఏం కట్టారో, ఎలా కట్టారో, జుట్టు ఎలా ముడుచుకున్నారో చెప్పే బీరువా ఇప్పుడు ఆ పైకప్పే. ఆవరణలోని లతామండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లని కూడా చీరల మీదికి దింపుకుంటూనే ఉన్నారు.

గుడి వెనక భాగాన కల్యాణమండపం ఉంది. శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, ఋషులు స్తంభాల మీద నిలబడి ఉన్నారు. కాని మండపానికి కప్పు లేదు, పని మధ్యలో ఆగిపోయింది. రాజుగారి ఖజానా సొమ్ము అడక్కుండా గుడికి ఖర్చు చేశాడన్న నింద మీద విరూపణ్ణకి కళ్లు తీయించే శిక్ష పడిందని, ఆయన తన కళ్లు తానే పీకి గోడకి విసిరికొట్టాడని అక్కడ కథగా చెబుతారు. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. రాఫేల్ పేరు లోకమంతటికీ తెలుసు. లేపాక్షిలో డబ్బు పెట్టించిన అన్నదమ్ముల బొమ్మలు కప్పు మీద ఉన్నాయి. కుంచె పట్టినవాళ్ల పేర్లు మాత్రం మనకి దక్కలేదు.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం కొల్లబోయింది. రాజభవనాలతో పాటు వాటి గోడల మీద బొమ్మలూ పోయాయి. ఆ కాలపు చిత్రకళ తెలుసుకోవాలంటే లేపాక్షి వంటి గుళ్ల కప్పులే ఆధారం. అవీ చాలాచోట్ల రాలిపోయాయి. మొదట్లో చెప్పాను కదా, ఆరిన గచ్చు మీద రంగు పైపైన ఉంటుందని. పొగ, వాననీటి తేమ, గబ్బిలాల రెట్ట, మన చేతులు ఇవన్నీ దానికి శత్రువులే. పురావస్తు శాఖ వారు కాపాడుతున్నారు. 2022లో ఈ గుడి యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. జాబితాలో పేరుంటే సరిపోదు, చూసేవాళ్లూ ఉండాలి.

కాబట్టి పిల్లల సెలవుల్లో వీలు చూసుకుని ఒకసారి వెళ్లి రండి. ఉదయం వెలుతురులో వెళ్లండి. మెడ నొప్పి పుడుతుంది, అందుకని నడుస్తూ చూడకుండా ఒకచోట నిలబడి ఒక్కొక్క పట్టీనే మొదటి నుంచి చివరి దాకా చదవండి. గోడలు, స్తంభాలు తాకనివ్వకండి. పిల్లలు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటామంటే మెరుపు లైటు ఆపమనండి. రాలిన చోట ఏముండేదో ఊహించమని అడగండి. మీ వెంట పెళ్లీడు కూతురుంటే, పార్వతిని అలంకరిస్తున్న పట్టీ కింద నిలబెట్టి ఆవిడ తపస్సు కథ చెప్పండి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే ఆ కథ తండ్రులు కూడా వినడం మంచిది. హిమవంతుడంతటివాడు కూతురి మనసు తెలుసుకుని, ఆమె కోరిన వరుడికే కన్యాదానం చేశాడు.

ఉంటాను మరి. సెలవు.